బీఈడీ, డీఎల్‌ఎడ్ చదువుకు ఫీజు సాయం: సీటు ఎంచుకునే రోజు నుంచి డబ్బు జమ అయ్యే దాకా

"సార్, స్కాలర్‌షిప్ దరఖాస్తు ఎప్పుడు పెట్టుకోవాలి?"

బీఈడీకి ఎడ్‌సెట్, డీఎల్‌ఎడ్‌కు డీఈఈసెట్ అనే ప్రవేశ పరీక్షల సీట్ల కేటాయింపు మొదలైన వారం నుంచి నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఈ ప్రశ్నతోనే మొదలవుతాయి. జవాబు చెప్పే ముందు నేనూ ఒకటి అడుగుతాను: "సీటు ఏ కోటాలో వచ్చింది?" అవతల కాసేపు మాట ఉండదు. ఫీజు ప్రభుత్వం కడుతుందా లేదా అన్నది సీటు తీసుకున్న రోజే సగం తేలిపోతుంది. మిగతా సగం హాజరు పట్టీలో తేలుతుంది. దరఖాస్తు ఈ రెండింటికీ నడుమ జరిగే కాగితాల పని. అందుకే ఈ వివరాలన్నీ ఆ వరసలోనే రాస్తున్నాను. ఇంకా వెబ్ ఆప్షన్లు (ఆన్‌లైన్‌లో కాలేజీల ఎంపిక) పెట్టుకోని వారు మొదటి మెట్టును రెండుసార్లు చదవండి.

ఏ సాయం గురించి మాట్లాడుతున్నాం

తెలుగు రాష్ట్రాల్లో ఉపాధ్యాయ శిక్షణ విద్యార్థులకు పెద్ద ఆధారం పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్. అందులో రెండు భాగాలు ఉంటాయి. ఆర్‌టీఎఫ్ అంటే బోధన రుసుం, మనం ఫీజు రీయింబర్స్‌మెంట్ అని పిలుచుకునేది. ఎంటీఎఫ్ అంటే నిర్వహణ ఖర్చులు, వాడుకలో మెస్ చార్జీలు. తెలంగాణలో దరఖాస్తు ఈ-పాస్ వెబ్‌సైటులో, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి వెబ్‌సైటులో నడుస్తుంది.

తల్లిదండ్రుల ఏడాది ఆదాయానికి పరిమితి ఉంది. ఎస్సీ, ఎస్టీలకు కేంద్ర పథకంలో అది 2.5 లక్షల రూపాయలు. తెలంగాణలో బీసీ, ఈబీసీలకు పల్లెల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో 2.5 లక్షలు. మీ ఆదాయం ఈ గీత దాటితే మధ్యలోని మెట్లు వదిలేసి, చివర్లో బ్యాంకు రుణం గురించి రాసిన భాగానికి వెళ్లండి.

దగ్గర పెట్టుకోవలసినవి

- పదో తరగతి మెమో (హాల్‌టికెట్ నంబరు, ఉత్తీర్ణత సంవత్సరం, పుట్టిన తేదీ మూడూ దీనిలోవే అడుగుతారు)
- ఇంటర్, డిగ్రీ మెమోలు, చివరగా చదివిన కాలేజీ ఇచ్చిన టీసీ, బోనఫైడ్ పత్రాలు
- ఎడ్‌సెట్ లేదా డీఈఈసెట్ ర్యాంకు కార్డు, సీటు కేటాయింపు పత్రం
- ఆధార్, దానికి అనుసంధానమై ఇప్పుడు పనిచేస్తున్న ఫోను నంబరు
- కుల ధ్రువపత్రం, తాజాగా తీసుకున్న ఆదాయ ధ్రువపత్రం
- మీ సొంత పేరున ఉన్న బ్యాంకు ఖాతా పాసుపుస్తకం
- రేషన్ కార్డు, ఫొటోలు
- దివ్యాంగులైతే సదరం (వైకల్య) ధ్రువపత్రం

ఒరిజినళ్లను కాలేజీలో ఇచ్చేయకముందే అన్నింటినీ ఫోనులో ఫొటోలు తీసి, మూడేసి జిరాక్సులు తీయించుకోండి. చేరిన రోజు హడావుడిలో ఇది మరిచిపోయి, తర్వాత ఒక్క మెమో కోసం ఆఫీసు గది ముందు రోజంతా నిలబడేవారిని చూస్తున్నాను.

1. సీటు తీసుకునే ముందు నాలుగు విషయాలు తేల్చుకోండి

మొదటిది కోటా. కాలేజీలో కన్వీనర్ కోటా (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చే సీట్లు), మేనేజ్‌మెంట్ కోటా (యాజమాన్యం నింపుకునే సీట్లు) అని రెండు ఉంటాయి. బీఈడీలో కన్వీనర్ సీట్లు 75 శాతం, మేనేజ్‌మెంట్ సీట్లు 25 శాతం. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ ద్వారా సీటు వచ్చినవారికే. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినా, కౌన్సెలింగ్ ముగిశాక మిగిలిన సీట్లలో స్పాట్ అడ్మిషన్ తీసుకున్నా ఆ ఫీజు మీ మీదే పడుతుంది. దూరవిద్యకూ ఇది వర్తించదు. "ముందు చేరండి, స్కాలర్‌షిప్ మేం చూసుకుంటాం" అని ఎవరైనా అంటే, సీటు కేటాయింపు పత్రం మీద కన్వీనర్ అన్న మాట చూపించమని అడగండి. చూపించలేకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

రెండోది గుర్తింపు. కాలేజీకి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ, గుర్తింపు ఉండాలి. గుర్తింపు ఉన్న సంస్థల జాబితా మండలి వెబ్‌సైటులో రాష్ట్రాలవారీగా ఉంటుంది. మన రెండు రాష్ట్రాలూ దక్షిణ ప్రాంతీయ కమిటీ కిందికి వస్తాయి. కాలేజీ పేరు, ఊరు, కోర్సు, సీట్ల సంఖ్య నాలుగూ సరిపోవాలి. ఒకే యాజమాన్యం కింద ఇంచుమించు ఒకే పేరుతో రెండు కాలేజీలు నడిచే చోట ఈ పరిశీలన మరీ అవసరం.

మూడోది కోర్సు. ఇది డబ్బు సంగతిలా కనిపించకపోవచ్చు, కానీ రెండేళ్ల ఖర్చు దీని మీదే ఆధారపడి ఉంది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ప్రాథమిక తరగతులు బోధించే ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) కొలువులకు బీఈడీ అర్హత చాలదు, డీఎల్‌ఎడ్ ఉండాలి. పై తరగతులకు బోధించే స్కూల్ అసిస్టెంట్ కావాలంటే బీఈడీ. ఇంటర్ అయిపోయి, చిన్నపిల్లలకు చెప్పాలన్న కోరిక ఉండి, ఇంట్లో ఆర్థికంగా ఇబ్బంది ఉన్నవారికి నేను ముందు చెప్పేది ప్రభుత్వ డైట్, అంటే డీఎల్‌ఎడ్ చెప్పే జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ, గురించే. అక్కడ ఫీజు భారం దాదాపు ఉండదు. స్కాలర్‌షిప్ ఆలస్యమైనా చదువు ఆగదు.

నాలుగోది మీ పాత చదువు. ఈ-పాస్‌లో మీరు ఇదివరకు తీసుకున్న స్కాలర్‌షిప్ వివరాలన్నీ ఉంటాయి. డిగ్రీ తర్వాత ఏదో కోర్సులో చేరి మధ్యలో మానేసి ఉంటే, పాత కాలేజీ లాగిన్‌లో మీరు ఇంకా అక్కడే చదువుతున్నట్టు కనిపిస్తూ ఉంటుంది. కొత్త దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ముందుగా ఆ కాలేజీకి వెళ్లి, కోర్సు మానేసినట్టు నమోదు చేయించండి. ఒకే స్థాయి కోర్సుకు రెండోసారి స్కాలర్‌షిప్ ఇవ్వరన్న నియమం కూడా ఉంది. ఇదివరకే వేరే వృత్తివిద్యా కోర్సు చేసి ఉంటే, వెబ్ ఆప్షన్లకు ముందే మీ పాత ఈ-పాస్ నంబరు తీసుకుని జిల్లా సంక్షేమ అధికారి కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

2. పేరు అన్ని కాగితాల మీదా ఒకేలా ఉందా చూడండి

గత ఏడాది ఒక అమ్మాయి తన కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని వచ్చింది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంది. ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు చివర ఉంది. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరే లేదు. పెళ్లయ్యాక తీసుకున్న కుల ధ్రువపత్రంలో భర్త ఇంటిపేరు వచ్చి చేరింది. మనిషి ఒక్కరే, కంప్యూటర్ లెక్కలో మాత్రం నలుగురు. ఆమె దరఖాస్తు మూడుసార్లు తిరిగి వచ్చింది.

ఇలా సరిచేసుకోండి. పదో తరగతి మెమోను ప్రమాణంగా పెట్టుకోండి. అన్నిటికంటే మార్చడం కష్టమైన కాగితం అదే. దానిలో ఉన్న వరసలో, ఉన్న అక్షరాలతో ఆధార్‌ను మార్పించండి. ఆధార్ మారాక బ్యాంకుకు వెళ్లి ఖాతా పేరు మార్పించండి. ఈ క్రమం తప్పితే చేసిన పనే మళ్లీ చేయాలి. పుట్టిన తేదీ కూడా మెమోలో ఉన్నదే ఉండాలి. ఆధార్‌లో చాలామందికి ఇప్పటికీ జనవరి ఒకటో తేదీయో, ఉత్త సంవత్సరమో ఉంటుంది.

కుల ధ్రువపత్రం విషయంలో ఒక జాగ్రత్త. కులం పుట్టుకతో వచ్చేది కాబట్టి పెళ్లయిన మహిళలు కూడా తండ్రి పేరుతో ఉన్న పత్రమే పెట్టాలి.

3. బ్యాంకు ఖాతా: ఆధార్ ఇచ్చినంత మాత్రాన సరిపోదు

అన్ని మెట్లలోకీ ఎక్కువ మంది జారేది ఇక్కడే. "బ్యాంకులో ఆధార్ ఇచ్చాను సార్" అంటారు. నిజమే, కేవైసీ, అంటే గుర్తింపు ధ్రువీకరణ, కోసం ఇచ్చి ఉంటారు. ప్రభుత్వం నగదు బదిలీ చేసేటప్పుడు ఖాతా నంబరు చూడదు, ఆధార్ నంబరు చూస్తుంది. ఆ ఆధార్‌కు ఏ బ్యాంకు జత అయి ఉందో ఎన్‌పీసీఐ (జాతీయ చెల్లింపుల సంస్థ) పట్టికలో వెతికి అక్కడికి పంపుతుంది. ఆ పట్టికలో ఒక ఆధార్‌కు ఒక్క బ్యాంకే ఉంటుంది, అదీ చివరిసారి జత చేసినది.

సరిచూసుకునే పద్ధతి: మై ఆధార్ వెబ్‌సైటులోకి ఓటీపీతో వెళ్లి, బ్యాంకు సీడింగ్ స్థితి నొక్కండి. బ్యాంకు పేరు, పక్కనే యాక్టివ్ అన్న మాట కనిపించాలి. మీరు దరఖాస్తులో రాయబోయే బ్యాంకే అక్కడ ఉండాలి.

వేరే బ్యాంకు కనిపించిందా? కొత్త సిమ్ తీసుకునేటప్పుడో, ఫోనులో యాప్ వేసుకున్నప్పుడో వేలిముద్రతోనో ఓటీపీతోనో తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతా అయి ఉండవచ్చు. అలాంటి ఖాతా ఉందన్న సంగతే చాలామందికి గుర్తుండదు. డబ్బు అక్కడికి వెళ్లి పడి ఉంటుంది, మీరేమో రాలేదని తిరుగుతుంటారు. మీ అసలు బ్యాంకు శాఖకు వెళ్లి, ఆధార్ సీడింగ్ అంగీకార పత్రం నింపి, ప్రత్యక్ష నగదు బదిలీ కోసం అని స్పష్టంగా చెప్పండి. కొద్ది రోజులు ఆగి మళ్లీ అదే వెబ్‌సైటులో చూడండి. కౌంటర్‌లో "అయిపోయింది" అన్న మాట విని సంతృప్తి పడకండి, తెర మీద మీ కళ్లతో చూడండి.

ఐఎఫ్‌ఎస్‌సీ కోడు కూడా చూసుకోవాలి. అందులో 11 అక్షరాలు, అంకెలు ఉంటాయి. అయిదో స్థానంలో ఎప్పుడూ ఉండేది సున్నా, ఇంగ్లిష్ ఓ అక్షరం కాదు. పాత పాసుపుస్తకం చూసి కోడు రాసేవారు ఇంకో పొరపాటు చేస్తారు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. 2025 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులోకి వెళ్లాయి. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. మీ ఖాతా వీటిలో దేనిలో ఉన్నా శాఖకు వెళ్లి, కొత్త కోడు ముద్రించిన పాసుపుస్తకం తీసుకోండి.

ఏడాదికి పైగా లావాదేవీలు లేని ఖాతా అయితే ఓ వంద రూపాయలు వేసి తీయండి. నిద్రాణంగా మారిన ఖాతాలోకి పంపిన డబ్బు వెనక్కి పోవచ్చు.

4. ఆదాయ ధ్రువపత్రం

తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు చేయండి. తహసీల్దారు కార్యాలయం నుంచి రావడానికి సమయం పడుతుంది కాబట్టి ర్యాంకు వచ్చిన వారంలోనే పెట్టేయండి. పత్రం మీద ఉన్న దరఖాస్తు నంబరునే ఈ-పాస్ తీసుకుంటుంది. అంకె ఒకటి తప్పినా వేరొకరి వివరాలు తెరుచుకుంటాయి. నంబరు వేశాక తెర మీద మీ తండ్రి పేరు వచ్చిందో లేదో చూసి మాత్రమే ముందుకు వెళ్లండి.

ఆదాయం ఇల్లంతటిదీ కలిపి చూపాలి. తండ్రి వ్యవసాయం, తల్లి అంగన్‌వాడీ గౌరవ వేతనం, రెండూ లెక్కలోకి వస్తాయి. దాచి తెచ్చుకున్న పత్రం తర్వాతి పరిశీలనలో బయటపడితే ఇచ్చిన డబ్బు తిరిగి కట్టమంటారు.

5. దరఖాస్తు నింపడం

తెలంగాణ విద్యార్థులు ఈ-పాస్‌లో పోస్టుమెట్రిక్ సేవల్లోకి వెళ్లి, తాజా దరఖాస్తు ఎంచుకోవాలి. డిగ్రీలో స్కాలర్‌షిప్ తీసుకున్నా, బీఈడీ మొదటి ఏడాదికి అది తాజా దరఖాస్తే. రెన్యువల్ నొక్కి, పాత నంబరుతో కుస్తీ పట్టేవారు ఏటా కనిపిస్తారు. పదో తరగతి వివరాలు, ఆధార్, కేటాయింపు వివరాలు, కాలేజీ, కోర్సు, బ్యాంకు ఖాతా వరసగా అడుగుతుంది.

వసతి గడి దగ్గర ఆగి ఆలోచించండి. ఇంటి నుంచి వచ్చి వెళితే డే స్కాలర్. సంక్షేమ శాఖ హాస్టల్లో ఉంటే శాఖ అనుబంధ హాస్టల్ అని, కాలేజీ హాస్టల్ అయితే కాలేజీ అనుబంధం అని, విద్యార్థులే కలిసి నడుపుకునేదైతే దానికి వేరే గడి ఉంటుంది. మెస్ చార్జీలు మీ ఖాతాకు రావాలా, హాస్టల్‌కు పోవాలా అన్నది ఇక్కడే నిర్ణయమవుతుంది. ప్రైవేటు గదిలో అద్దెకు ఉంటూ హాస్టల్ అని పెట్టకండి. తనిఖీలో తేలితే మొత్తం దరఖాస్తే పోతుంది.

ఆంధ్రప్రదేశ్ విద్యార్థుల పని కాస్త వేరు. కాలేజీ తన లాగిన్‌లో మీ వివరాలు నమోదు చేస్తుంది, తర్వాత సచివాలయంలో సంక్షేమ, విద్యా సహాయకుల దగ్గర పరిశీలన జరుగుతుంది. మీ కుటుంబం సచివాలయం మ్యాపింగ్‌లో (ఇంటింటి సభ్యుల జాబితాలో) ఉందా, అందులో మీ పేరుందా అన్నది ముందు చూడండి. అన్నకు ప్రభుత్వ ఉద్యోగం వచ్చి వేరు కాపురం పెట్టినా మ్యాపింగ్‌లో ఇంకా మీ ఇంట్లోనే ఉంటే, లేదా అమ్మిన కారు ఇంకా నాన్న పేరునే ఉంటే, పరిశీలనలో అనర్హత అని వస్తుంది. కారణం ఏమిటో రాతలో అడిగి తీసుకుని, దానికి తగిన పత్రాలతో సచివాలయంలోనే అభ్యంతరం పెట్టండి. డబ్బు తల్లి ఖాతాకు, తర్వాత తల్లీ విద్యార్థీ ఉమ్మడి ఖాతాకు వేసే పద్ధతి కొన్నేళ్లు నడిచింది. ఇప్పుడు బోధన రుసుం మళ్లీ కాలేజీ ఖాతాకే వెళుతోంది. అందువల్ల పాత ఉమ్మడి ఖాతా చూసుకుంటూ ఎదురుచూడకండి.

రెండు రాష్ట్రాల వారికీ ఒక్క మాట. గడువు పొడిగిస్తారులే అని ఆగకండి. చివరి వారంలో సైటు కదలదు, నెట్ సెంటర్లో మీ వెనక పదిమంది నిలబడి ఉంటారు, తప్పులు దొర్లేది అప్పుడే. నెట్ సెంటర్లో చేయించుకుంటే ఫోను నంబరు మీదే ఇచ్చారో లేదో చూడండి. వాళ్ల నంబరు పెట్టేస్తే రేపు ఓటీపీలన్నీ వాళ్లకే పోతాయి.

6. కాగితాలు కాలేజీకి చేర్చడం

ఆన్‌లైన్‌లో పంపడంతో పని అయిపోయిందనుకుని ఇంట్లో కూర్చున్నవారి దరఖాస్తులు కాలేజీ దగ్గరే పెండింగ్‌లో ఉండిపోతాయి. దరఖాస్తు ప్రింటుకు జిరాక్సులు జతచేసి, సంతకం పెట్టి కాలేజీ ఆఫీసులో ఇవ్వాలి. వేలిముద్ర ధ్రువీకరణ పూర్తి చేయాలి. వేలిముద్ర పడకపోతే ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ నవీకరణ చేయించుకోండి. పత్తి ఏరిన చేతులకు, సిమెంటు పనిచేసిన చేతులకు గీతలు అరిగిపోయి ఇలా జరుగుతుంటుంది. మీ తప్పేమీ లేదు, కంగారు పడకండి.

కాగితాలు ఇచ్చినట్టు జిరాక్సు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. మొహమాటపడకండి. "పంపించాం" అని కాలేజీ, "మాకు రాలేదు" అని సంక్షేమ కార్యాలయం చెప్పే రోజు వస్తే మీ చేతిలో ఉండే ఆధారం ఆ ముద్ర ఒక్కటే.

7. హాజరు

స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు కావాలి. అయితే బీఈడీ విద్యార్థికి లక్ష్యం 75 కాకూడదు. ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం తరగతులకు, ప్రాక్టికం పనికి 80 శాతం, పాఠశాల ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం ఉండాలి. 75తో స్కాలర్‌షిప్ నిలుస్తుంది గానీ కోర్సు నియమాలకు సరిపోదు.

"రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు" అని చెప్పి చేర్చుకునే కాలేజీల సంగతి మీకు తెలిసే ఉంటుంది. ప్రైవేటు బడిలో ఉద్యోగం చేసుకుంటూ బీఈడీ అయిపోతుందని సంతోషంగా చేరతారు. బయోమెట్రిక్ హాజరు, ఆకస్మిక తనిఖీలు వచ్చాక మొదట పోయేది స్కాలర్‌షిప్. ఫీజు మొత్తం మీ నెత్తిన పడుతుంది. అంతకంటే పెద్ద నష్టం, పాఠం చెప్పడం నేర్చుకోకుండా పిల్లల ముందు నిలబడవలసి రావడం. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. దయచేసి అలాంటి చోట చేరకండి.

ఇంటర్న్‌షిప్ కాలంలో మరో చిక్కు ఉంది. రెండేళ్లలో కలిపి 20 వారాలు బడిలో ఉంటారు, అందులో 16 వారాలు రెండో ఏడాదిలోనే. ఆ రోజుల్లో మీరు సంతకం పెట్టేది బడి రిజిస్టరులో. అది నెలనెలా కాలేజీకి చేరకపోతే కాలేజీ లెక్కలో మీరు గైర్హాజరే. ప్రతి నెలా చివరి పనిదినాన ప్రధానోపాధ్యాయులతో హాజరు పత్రం మీద సంతకం, ముద్ర వేయించుకుని, ఫొటో తీసుకుని, మీరే కాలేజీలో ఇవ్వండి.

8. పని జరిగిందా అని సరిచూసుకోవడం

పదిహేను రోజులకోసారి దరఖాస్తు స్థితి చూడండి. చూసిన ప్రతిసారీ తెర ఫొటో తీసి పెట్టుకోండి. ఆగిన చోటును బట్టి వెళ్లవలసిన చోటు మారుతుంది:

- కాలేజీ దగ్గర పెండింగ్ అని ఉంటే కాలేజీ ఆఫీసుకే వెళ్లాలి. సంక్షేమ కార్యాలయానికి వెళ్లి లాభం లేదు.
- సంక్షేమ అధికారి దగ్గర ఉంటే, ముద్ర వేయించుకున్న జిరాక్సుతో జిల్లా ఎస్సీ, ఎస్టీ, బీసీ లేదా మైనారిటీ సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. మీ వర్గానికి చెందిన కార్యాలయమే చూసుకుని వెళ్లాలి.
- మంజూరైంది అని ఉంటే సంతోషించండి గానీ డబ్బు వచ్చినట్టు కాదు. బిల్లు ట్రెజరీకి వెళ్లి, నిధులు విడుదలవ్వాలి. ఎక్కువ కాలం ఆగేది ఇక్కడే.
- చెల్లింపు విఫలమైందని ఉంటే మళ్లీ మూడో మెట్టుకు వెళ్లి ఖాతా సంగతి చూడండి.

ఎస్సీ విద్యార్థులకు ఇంకో విషయం. ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం. దాన్ని నేరుగా విద్యార్థి ఖాతాకే పంపాలని 2021లో సవరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఫీజు సొమ్ము మీ ఖాతాలో పడితే ఇంటి అవసరాలకు వాడేయకండి. కాలేజీలో కట్టి రసీదు తీసుకోండి. ఆ రసీదు లేక, కోర్సు చివర్లో అదే ఫీజును రెండోసారి కట్టినవారు ఉన్నారు.

రెండో ఏడాదికి రెన్యువల్ మీరే పెట్టుకోవాలి. మొదటి ఏడాది డబ్బు ఇంకా రాలేదు కదా అని చాలామంది మానేస్తారు. ఆ ఏడాది బకాయికీ ఈ ఏడాది దరఖాస్తుకూ సంబంధం లేదు. మొదటి ఏడాది మార్కుల మెమో రాగానే రెన్యువల్ పెట్టేయండి.

స్కాలర్‌షిప్ వర్తించకపోతే

బ్యాంకు విద్యారుణం ఉంది. 4 లక్షల వరకు మీ వంతు సొమ్ము పెట్టనక్కర్లేదు. 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు లేకుండా ఇచ్చే వీలుంది. కోర్సు ముగిశాక మరో ఏడాది వరకు వాయిదాలు మొదలుకావు. ఆ కాలానికి వడ్డీ మాత్రం లెక్కలో పడుతూనే ఉంటుంది, వీలైతే అది నెలనెలా కట్టేయండి. ఇంటి ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి, వృత్తివిద్యా కోర్సు చదివేవారికి ఆ కాలపు వడ్డీని కేంద్రం భరించే పథకం ఉంది. దానికి కాలేజీకి న్యాక్ (కాలేజీల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ) గుర్తింపు వంటి షరతులు ఉన్నాయి. చేరేముందే అడిగి తెలుసుకోండి. ప్రైవేటు అప్పుల యాప్‌ల జోలికి మాత్రం పోవద్దు.

ఇంటర్ పూర్తిచేసినవారు నాలుగేళ్ల సమీకృత బీఈడీ, అంటే ఐటెప్, గురించి కూడా ఆలోచించండి. జాతీయ స్థాయి ఎన్‌సెట్ పరీక్ష ద్వారా వరంగల్ ఎన్‌ఐటీలో ఈ కోర్సు ఉంది. డిగ్రీ, బీఈడీ విడివిడిగా చేస్తే అయిదేళ్లు, ఇక్కడ నాలుగే. ఒక ఏడాది ఖర్చు మిగులుతుంది. పీఎం విద్యాలక్ష్మి కింద హామీదారు లేకుండా రుణం ఇచ్చే జాబితాలో ఎన్‌ఐటీలు ఉన్నాయి. ఇంటర్‌లో మీ బోర్డు విద్యార్థుల్లో మొదటి 20 శాతంలో ఉండి, ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయవచ్చు. డిగ్రీ స్థాయిలో మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000 రూపాయలు, నాలుగో ఏడాది 20,000. వేరే స్కాలర్‌షిప్ తీసుకుంటూ దీన్నీ తీసుకోవడం కుదరదు, రెండింటిలో ఏది ఎక్కువో లెక్క వేసుకుని ఒకటే ఎంచుకోండి.

బకాయి ఉందని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే

రెండు రాష్ట్రాల్లోనూ బకాయిల విడుదల ఆలస్యమవుతూనే ఉంది. ఆ భారం కాలేజీ విద్యార్థి మీదికి నెడుతుంది. డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక) ప్రకటన వెలువడ్డాక, సర్టిఫికెట్ల పరిశీలనకు వారం ఉందనగా నాకు వచ్చే ఫోన్లలో ఏడుపు వినిపిస్తుంది. అందుకని ఆ రోజు దాకా ఆగకుండా, కోర్సు చివరి నెలలోనే ఇవి చేయండి.

ప్రవేశ సమయంలో సరిచూసుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లను విద్యాసంస్థలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 అక్టోబరులో స్పష్టంగా చెప్పింది. విశ్వవిద్యాలయ అనుబంధ కాలేజీలకు ఇది వర్తిస్తుంది. ఆ సంగతి ప్రస్తావిస్తూ ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. మీ స్కాలర్‌షిప్ మంజూరైనట్టు చూపే తెర ఫొటో జతచేయండి. మంజూరై ట్రెజరీలో ఆగిన డబ్బు ప్రభుత్వం కాలేజీకి పడ్డ బాకీ. అది మీ బాకీ కాదని ఆ కాగితమే చెబుతుంది. వారంలో జవాబు రాకపోతే అదే కట్టను విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్‌కు, జిల్లా కలెక్టరేట్‌లో సోమవారం ప్రజల అర్జీలు తీసుకునే చోట ఇవ్వండి. డైట్, డీఎల్‌ఎడ్ విద్యార్థులు జిల్లా విద్యాశాఖాధికారికి ఇవ్వాలి. కాలేజీ డబ్బు కట్టించుకునే ఇస్తానంటే, కట్టిన ప్రతి రూపాయికీ "రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగి ఇస్తాం" అని రాసిన రసీదు తీసుకోకుండా కట్టకండి.